కనుమ నాడు పరవాడలో

కనుమ నాడు కాకి కూడా కదలదంటారు. అయినా 2024 సంక్రాంతికి సరిగ్గా ఆ రోజే నేను విశాఖపట్నం ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సెక్కాను. సింహాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రంలో కాంట్రాక్టు ఫిట్టరుగా పనిచేస్తున్న మా బావకు పండగ పూట కూడా షిఫ్టు పడింది. అక్క చేసిన అరిసెలు ఆయనకు అందించి రావాలి.

గాజువాక, కూర్మన్నపాలెం దాటి లంకెలపాలెం దగ్గర పరవాడ రోడ్డులోకి మళ్ళాక కూలింగ్ టవర్లు దగ్గరయ్యాయి. సముద్రపు నీటితో పనిచేసే ఆ టవర్ల ఎత్తు 165 మీటర్లు. వాటి పైనుంచి లేచే తెల్లని మేఘాన్ని నేను చాలాకాలం పొగ అనుకున్నాను. అది వట్టి ఆవిరేననీ, బొగ్గు పొగ పోయే చిమ్నీలు వేరనీ బావే చెప్పాడు. ఒడిశాలోని తాల్చేర్ గనుల నుంచి రైళ్ళలో వచ్చే బొగ్గుతో ఇక్కడ నాలుగు యూనిట్లు 2,000 మెగావాట్ల విద్యుత్తును ఉత్పత్తి చేయగలవు. మొదటి రెండు యూనిట్లూ 2002లో మొదలయ్యాయి.

గేటుకు కొంచెం దూరంలో ఉన్న టీ కొట్టు దగ్గర బావ కలిశాడు. గ్లాసును ఆయన బొటనవేలితో, మరో రెండు వేళ్ళతో మాత్రమే పట్టుకుంటాడు. కుడిచేతి చివరి రెండు వేళ్ళు సగానికి లేవు. చాలా ఏళ్ళ క్రితం వేరే రాష్ట్రంలోని ఒక కేంద్రంలో, బొగ్గు బెల్టు కింద ఆయన శుభ్రం చేస్తుండగా షిఫ్టు మారింది. లోపల మనిషి ఉన్నాడో లేడో చూడకుండానే ఎవరో పని అయిపోయిందంటూ పర్మిట్‌ను, అంటే పని అనుమతి కాగితాన్ని, తిరిగి ఇచ్చేశారు, బెల్టు కదిలింది. ఆ సంగతి మా ఇంట్లో ఎవరం ఎత్తము. ఆ రోజు మాత్రం ఆయనే మాట కదిపి, జేబులోంచి ఒక చిన్న తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు. మోటారుకు కరెంటు అందించే బ్రేకర్‌ను బయటికి లాగి, దానికి తన తాళం తానే వేసుకుని, ట్యాగు కట్టాకే ఆయన పనిలోకి దిగుతాడు. "కాగితం మీద సంతకం ఎవడైనా పెడతాడు, తాళంచెవి నా దగ్గరుంటే నన్నడక్కుండా ఎవడూ తిప్పలేడు గదా" అన్నాడు.

2017 నవంబరు 1న ఉత్తరప్రదేశ్‌లోని ఊంచాహార్ కేంద్రంలో జరిగిన ప్రమాదం గురించి ఆయన ఇప్పటికీ గొంతు తగ్గించే మాట్లాడతాడు. అక్కడ 500 మెగావాట్ల యూనిట్ బాయిలర్ అడుగున బూడిద పేరుకుపోయింది. యూనిట్‌ను ఆపకుండానే దాన్ని తొలగించే ప్రయత్నం చేస్తుండగా వేడి వాయువులు బయటికి తన్ని, 40 మందికి పైగా ప్రాణాలు పోయాయి. వారిలో ఎక్కువమంది కాంట్రాక్టు కార్మికులే. భోపాల్ దుర్ఘటన తర్వాత, 1987లో, ఫ్యాక్టరీల చట్టంలో 41-హెచ్ అనే సెక్షన్ చేర్చి, ప్రాణాపాయం ముంచుకొస్తోందని తోస్తే ఆ సంగతి పైవారి దృష్టికి తెచ్చే హక్కును కార్మికుడికి ఇచ్చారు. రేపటి గేట్ పాస్ మరొకరి దయ మీద ఆధారపడిన మనిషి ఆ హక్కును నోరు తెరిచి వాడుకోవాలంటే ఎంత ధైర్యం కావాలో బావను చూశాకే నాకు అర్థమైంది.

టీ కొట్టు అవ్వ మా మాటలు వింటూనే ఉంది. ఈ ప్రాంతంలో ఫ్యాక్టరీల కోసం భూములిచ్చిన కుటుంబాల్లో వాళ్ళదీ ఒకటి. మనవడికి యూనిట్‌ను ఆపి మరమ్మతులు చేసే ఓవర్‌హాలింగ్ రోజుల్లోనే పని దొరుకుతుందట. ఆమె దిగులు మాత్రం పని గురించి కాదు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి లీకైన స్టైరిన్ అనే రసాయనపు ఆవిరి ఊరిని కమ్మి 12 మందిని బలి తీసుకున్నప్పటి నుంచి ఆమెకు రాత్రిపూట నిద్ర సరిగా పట్టడం లేదు.

"ఇన్ని కంపెనీలున్నాయి బాబూ, కూత ఇనపడితే అది భోజనానికో ప్రమాదానికో మాకేటి తెలుస్తాది? ఎటు పరిగెట్టాలో సెప్పినోడు లేడు" అంది.

చుట్టుపక్కల ప్రజలకు ప్రమాదాల గురించీ, జాగ్రత్తల గురించీ ముందే తెలియజేయాలన్న నిబంధన కూడా 1987 సవరణలోనే వచ్చింది. అది ఆమె కొట్టు దాకా రావాలి. బావ ఆమె దగ్గరికి జరిగి, గాలి ఎటు వీస్తోందో ముందు చూసుకుని దానికి అడ్డంగా నడవాలనీ, తడిగుడ్డ ముక్కుకు పెట్టుకోవాలనీ రెండుసార్లు చెప్పాడు. ఆమె చీర కొంగు గాల్లోకి ఎత్తి, అది ఎటు ఎగురుతుందో చూసింది.

షిఫ్టు వేళయింది. అరిసెల డబ్బాను చంకలో పెట్టుకుని, జేబును ఒకసారి పైనుంచే తడిమి చూసుకుని, బావ గేటు వైపు నడిచాడు.