ఏడు లక్షల యూనిఫాం బాకీ, నా అనుభవం

పోయిన శుక్రవారం మధ్యాహ్నం ఫోన్ మోగింది. 7,44,640 రూపాయలు జమ అయినట్టు మెసేజ్. కటింగ్ బల్ల మీద కత్తెర అలాగే వదిలేసి బయటికొచ్చి, ఎండలో నిలబడి ఆ అంకెలు మూడుసార్లు చదువుకున్నాను. రావాల్సింది జూన్‌లో, వచ్చింది జనవరి చివర్లో. ఈ వేడి మీదే రాసేయాలి. చల్లారితే ఆ డబ్బు ఆపిన స్కూలు వాళ్ళను నేనే వెనకేసుకొచ్చేలా ఉన్నాను.

మాది కృష్ణకు ఇటువైపు చిన్న ఊరు. పన్నెండు మిషన్లు, ఒక కటింగ్ మాస్టరు, కాజాలు తీసే పెద్దాయన. స్కూలు యూనిఫాంలే మా పని. 2024 ఏప్రిల్‌లో హైదరాబాద్‌లోని ఒక స్కూలు యాజమాన్యం ఫోన్ చేసింది. శాంపిల్ పంపాను, జతకి బట్టతో కలిపి 520 అన్నాను. 'ఓకే, ప్రొసీడ్' అని వాట్సాప్ వచ్చింది, మూడు లక్షల అడ్వాన్సు పడింది. అంతకుమించి కాగితం లేదు. జూన్ 10న, బడులు తెరవడానికి రెండు రోజుల ముందు, 1,840 జతలు దింపాం. స్టోర్‌లో ఉన్నతను చలాన్ మీద సంతకం పెట్టి ముద్ర కొట్టాడు. జీఎస్టీతో బిల్లు 10,04,640. బాకీ 7,04,640.

జూలైలో 'వచ్చే వారం'. ఆగస్టులో 'పెద్ద సారు ఊళ్ళో లేరు'. ఈలోగా ఆ బిల్లు మీద జీఎస్టీ నేను నా చేతి నుంచి కట్టేశాను. డబ్బు చేతికి రాకపోయినా బిల్లు కొట్టిన పాపానికి పన్ను కట్టాల్సిందే.

సెప్టెంబరు చివర్లో నేనే హైదరాబాద్ వెళ్ళాను. ఉదయం పదింటికి అకౌంట్స్ గది ముందు బెంచీ మీద కూర్చున్నాను. ఫీజులు కట్టడానికి తల్లిదండ్రులు వస్తున్నారు, వాళ్ళకి మంచినీళ్ళు, కుర్చీలు. నన్ను ఒంటిగంటన్నరకి లోపలికి పిలిచారు. ఎదురుగా కుర్చీ ఖాళీగానే ఉంది, కూర్చోమనలేదు. మేనేజరు కంప్యూటర్‌లోంచి తల ఎత్తకుండా, "అగ్రిమెంటు ఉందామ్మా?" అన్నాడు. చలాన్ చూపించాను. "ఇది లారీవాడి కాగితం. అగ్రిమెంటు అడుగుతున్నా. అగ్రిమెంటు లేకుండా ఇన్ని లక్షల పని ఎట్లా ఒప్పుకున్నావమ్మా? చదువుకోలేదా?" అన్నాడు. వెనక ఫీజు రసీదు కోసం నిలబడ్డ ఇద్దరు తల్లులు నా వైపు చూశారు. నేను బీకాం చదివాను. ఆ మాట నోటి దాకా వచ్చి ఆగిపోయింది. ఎదురు మాట్లాడితే ఉన్న డబ్బు కూడా పోతుందన్న భయం.

తర్వాత అసలు మాట బయటపెట్టాడు. "క్వాలిటీ కంప్లైంట్లు ఉన్నాయి. ముప్ఫై శాతం కోసేస్తే మేనేజ్‌మెంట్‌తో మాట్లాడతా."

సరిగ్గా అప్పుడే ఓ పిల్లాడు ఏదో రిజిస్టరు తీసుకుని లోపలికొచ్చాడు. నేను కుట్టించిన చొక్కానే. గళ్ళ చొక్కాకి జేబు పెట్టేటప్పుడు చాలామంది గుడ్డ ఎటు పడితే అటు కోసేస్తారు. నా దగ్గర అలా కుదరదు. జేబు మీది గీత ఛాతీ మీది గీతలో కలిసిపోవాలి, దూరం నుంచి చూస్తే జేబు ఉందో లేదో తెలియకూడదు. దీనికి గుడ్డ ఎక్కువ పోతుందని మా మాస్టరు రోజూ సణుగుతాడు. ఆ పిల్లాడి జేబు గీత చెక్కుచెదరలేదు, మూడున్నర నెలల ఉతుకుల తర్వాత కూడా. "దీన్లో క్వాలిటీ ఏం తక్కువైంది సార్?" అన్నాను. మేనేజరు పిల్లాణ్ణి పంపేసి, "రేపు ఫోన్ చెయ్యి" అన్నాడు. ఆఫీసు బయట గోడ మీద నోటీసు: యూనిఫాం జత 1,450 రూపాయలు, అడ్మిషన్ సమయంలోనే చెల్లించాలి. అంటే నా చొక్కాల డబ్బు వాళ్ళ చేతికి ఏప్రిల్‌లోనే వచ్చేసింది. నా బిల్లు కట్టడానికి మాత్రం అక్కడ డబ్బు లేదు! తిరుగు ప్రయాణంలో బస్సు విజయవాడ చేరేదాకా ఎవరి ఫోనూ ఎత్తలేదు.

మా బావగారు "ముప్ఫై శాతం పోతే పోయింది, పెద్దవాళ్ళతో ఎందుకు" అన్నారు. ఇలాంటి సలహా ఇచ్చేవాళ్ళకి పోయేది వాళ్ళ డబ్బు కాదు.

మా వీధి చివర ఒక లాయరు గారున్నారు. ఫీజు కూడా తీసుకోకుండా అరగంటలో నా బుర్రలోని భయం తీసేశారు. మన కాంట్రాక్టు చట్టం 1872 నాటిది. మామూలు సరుకు ఒప్పందం స్టాంపు కాగితం మీదే ఉండాలని అందులో ఎక్కడా లేదట. "నువ్వు రేటు చెప్పావు, అది ప్రతిపాదన. వాళ్ళు ఓకే అన్నారు, అది అంగీకారం. నువ్విచ్చేది బట్టలు, వాళ్ళిచ్చేది డబ్బు, అదే ప్రతిఫలం. ఇద్దరూ మేజర్లు, ఎవరినీ బెదిరించలేదు, చేసింది దొంగ సరుకు కాదు. ఇంకేం కావాలమ్మా?" అన్నారు. వాట్సాప్ మాట కూడా మాటే. కాగితం ఉంటే రుజువు చేయడం సుళువు, అంతే. కాగితం లేనంత మాత్రాన ఒప్పందం లేకుండా పోదు. బీకాంలో ఇవన్నీ పరీక్షకి బట్టీ పట్టి మార్కులు తెచ్చుకున్నదాన్నే, అవసరమైన రోజు ఒక్కటీ గుర్తు రాలేదు.

అసలు ఆయుధం వేరే చట్టంలో ఉంది. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం, అంటే సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల చట్టం. చిన్న యూనిట్ సరుకు ఇస్తే, రాతపూర్వక ఒప్పందం లేనప్పుడు 15 రోజుల్లో డబ్బివ్వాలి. ఒప్పందం రాసుకున్నా గడువు 45 రోజులు దాటకూడదు. దాటితే ఆర్‌బీఐ బ్యాంకు రేటుకి మూడు రెట్లు వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. అప్పటి రేటు 6.75, అంటే 20.25 శాతం! సరుకు బాగోలేదంటే అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా చెప్పాలి, లేకపోతే ఒప్పుకున్నట్టే. నాకు మొదటి 'కంప్లైంట్' వినిపించింది సెప్టెంబరులో, అదీ నోటిమాటగా.

ఇక్కడ ఒక్క మెలిక. ఈ చట్టం పట్టుకోవాలంటే ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న యూనిట్‌గా ప్రభుత్వం దగ్గర నమోదు, సరుకు ఇవ్వడానికి ముందే ఉండాలంటారు. గొడవ మొదలయ్యాక పరిగెడితే పాత బిల్లుకి పనిచేయదని కోర్టులు చెబుతూ వచ్చాయి. నా అదృష్టం, రెండేళ్ళ కిందటే చేయించాను. అయితే దానికి ఒక కన్సల్టెంటు నా దగ్గర 3,500 తీసుకున్నాడు. అది పూర్తిగా ఉచితం, ఆధార్, పాన్ ఉంటే ఇంట్లో కూర్చుని చేసుకోవచ్చు! ఆ మహానుభావుడు ఇప్పటికీ పండక్కి శుభాకాంక్షలు పంపుతుంటాడు.

అక్టోబరులో సమాధాన్ పోర్టల్‌లో, అంటే చిన్న యూనిట్లు రాని బాకీల మీద ఫిర్యాదు చేసే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో, కేసు పెట్టాను. ఫారం నింపడం తేలికే, ఒక సాయంత్రం పని. వర్క్ ఆర్డరు అడిగిన చోట వాట్సాప్ స్క్రీన్‌షాట్లు, అడ్వాన్సు పడ్డ బ్యాంకు స్టేట్‌మెంటు, చలాన్ కలిపి పెట్టాను. ఈ బాకీ గొడవలు తేల్చేది ఒక ప్రభుత్వ కౌన్సిల్; కొనేవాడు ఏ రాష్ట్రంలో ఉన్నా అమ్మినవాడి ఊరు ఏ కౌన్సిల్ కిందికి వస్తుందో అక్కడే కేసు నడుస్తుంది. ఇది తెలిసినప్పుడు నాకు కలిగిన ఆనందం చెప్పలేను. మళ్ళీ ఆ బెంచీ మీద కూర్చోనక్కర్లేదు.

నోటీసు వెళ్ళాక గొంతులు మారాయి. డిసెంబరులో వాళ్ళ ఆడిటరు ఫోన్ చేశాడు. "మేడం, అసలు ఇచ్చేస్తాం, కేసు తీసేయండి." అమ్మ నుంచి మేడం అయ్యాను. నేను లెక్క కట్టి పెట్టుకున్నాను, జనవరి చివరికి వడ్డీ దాదాపు 87 వేలు. కౌన్సిల్ తీర్పు ఇచ్చాక దాన్ని కోర్టులో సవాలు చేయాలంటే ఆ మొత్తంలో 75 శాతం ముందు డిపాజిట్ చేయాలని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. రెండు వారాలు బేరం. చివరికి అసలు, పైన 40 వేలు. పూర్తిగా పట్టుబడితే వచ్చేదేమో కానీ, నూలు కొట్టు వాడు రోజూ గుమ్మంలో నిలబడుతుంటే ఎన్నాళ్ళు కూర్చోగలను? అయినా రాజీ కాగితం మీద సంతకం మాత్రం డబ్బు పడ్డాకే పెట్టాను. ఈ ఒక్కటి ఎవరైనా గుర్తుపెట్టుకోండి. 'సంతకం పెట్టండి, సాయంత్రానికి వేస్తాం' అంటారు. వేయరు.

డబ్బు పడ్డ రోజు సాయంత్రం బాకీల పుస్తకం తీశాను. నూలు, బొత్తాలు, కరెంటు, ఇస్త్రీ. కింద కాజాల పెద్దాయన పేరు. చొక్కాకి ఆరు కాజాలు, కాజాకి రూపాయి, మొత్తం 11,040. జూన్ నుంచి ఇవ్వలేదు. ఆయన ఒక్కసారి కూడా అడగలేదు, నేనూ మా మధ్య కాగితం ఏదీ పెట్టలేదు. ఆ అకౌంట్స్ గదిలో నేను నిలబడ్డట్టే ఈయన ఏడు నెలలు నా గుమ్మంలో నిలబడ్డాడు. కాకపోతే నేను కుర్చీ వేశాను.

అదే 20.25 శాతంతో లెక్కేస్తే వడ్డీ 1,372 తేలింది. మర్నాడు పొద్దున్నే మొత్తం కలిపి చేతిలో పెట్టాను. వేలు తడి చేసుకుని రెండుసార్లు లెక్కపెట్టాడు.

"ఎక్కువిచ్చావమ్మా."

"వడ్డీ బాబాయ్."

"నేనేమన్నా కేసేశానా?" అన్నాడు. నోట్లు మాత్రం మడిచి లోపలి జేబులో పెట్టుకున్నాడు.