సీడీపీలో పియాజే, స్మృతి బిట్లు పట్టుకోవడం ఎలా?

టీచర్ పోస్టుల మెరిట్ లిస్టు వచ్చినప్పటి నుంచి నెల్లూరు రూముల్లో ఉన్న తమ్ముళ్లు, ఒంగోలు అక్కలు అడిగేది ఒకటే: టెట్‌లో సీడీపీ, అంటే శిశు వికాసం-పెడగాజీ, ఎలా చదివారని. పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో చెప్పిన పియాజే నాలుగు దశల టేబుల్ మీ అందరికీ నోటికొచ్చు. అయినా ఆ 30 మార్కుల్లో జారిపోతారు. బిట్‌లో దశ పేరు ఇవ్వరు, పిల్లాడు చేసిన పని ఇస్తారు మరి.

ముందు వయసు కింద గీత గీయండి. తర్వాత, వస్తువును దాచారా, రూపం మార్చారా చూడండి. దాస్తే వస్తు స్థిరత్వం, అంటే కనబడకపోయినా వస్తువు ఉందని తెలియడం, సుమారు 8 నెలలకు మొదలవుతుంది. మారిస్తే పదిలపరచుకునే భావన, అంటే రూపం మారినా పరిమాణం మారదని తెలియడం. నీళ్లు పొడవాటి గ్లాసులో పోయగానే ఎక్కువయ్యాయనే అయిదేళ్ల పిల్లకు మతిమరుపేమీ లేదు. చూపు ఎత్తు మీదే నిలిచిపోయింది, అది ఏకమితి. పోసినవాటిని మనసులో వెనక్కి పోయలేకపోతే విపర్యయాత్మక భావనా లోపం. ఈ రెండూ పక్కపక్క ఆప్షన్లుగా పెడతారు, జాగ్రత్త. పదిలపరచుకునే భావనలో సంఖ్య, ద్రవ్యరాశి 6-7 ఏళ్లకు, బరువు 9 ప్రాంతంలో, ఘనపరిమాణం 11 ప్రాంతంలో వస్తాయి. ఈ వరుస తిప్పి అడుగుతారు.

స్మృతి దగ్గర అసలు తిరకాసు. అయిదేళ్ల పిల్లలు నాలుగంకెలు, పెద్దలు ఏడు దాకా తిరిగి చెబుతారు కాబట్టి చిన్నపిల్లల బుర్రలో చోటు తక్కువని రాసుకుని వదిలేస్తారు. 1966లో మనోవిజ్ఞాన పరిశోధకుడు ఫ్లావెల్ బృందం పిల్లలకు బొమ్మలు చూపించి, పెదవులు కదులుతున్నాయేమో గమనించింది. పేర్లు వల్లె వేసుకున్నవాళ్లు అయిదేళ్లవాళ్లలో అరుదు, పదేళ్లవాళ్లలో ఎక్కువ. మరుసటి ఏడాది ఒకటో తరగతి ఈడు పిల్లలతో వల్లె వేయించారు, బాగా గుర్తుపెట్టుకున్నారు. ఇక వాళ్లిష్టమని వదిలేస్తే చాలామంది మానేశారు. చేతనవుతుంది గానీ తమంతట తాము మొదలుపెట్టరు. ఒకటో తరగతి టీచర్ ఏం చేయాలనే బోధనా బిట్‌కు జవాబు అదే: వల్లె వేయించాలి.

'వయసుతో స్మృతి పెరుగుతుంది' అన్న ఆప్షన్ కనబడగానే బబుల్ నింపేయకండి. పరిశోధకురాలు మిషెలిన్ చి 1978 ప్రయోగంలో చదరంగం ఆడే పిల్లలు, ఆట అంతగా రాని పెద్దల కంటే బల్ల మీది పావుల స్థానాలు బాగా చెప్పారు. అంకెలిస్తే పెద్దలదే పైచేయి. మైపాడు రేవులో పెరిగిన పిల్లల ముందు చేపల పేర్లలో మనం నిలబడగలమా?

విగోట్స్కీ, కోల్‌బర్గ్ సిద్ధాంతాల బిట్లు నేరుగా వస్తాయి, రెండుసార్లు చదివితే చాలు. ఫోన్ నిండా పీడీఎఫ్‌లు పోగేసుకుని చదివామనుకునేవాళ్లకు ఎంత చెప్పినా దండగే. ఒక్క పుస్తకమే పట్టుకున్నారేంటని నవ్వేవాళ్లను నవ్వనివ్వండి. మాక్ టెస్టులో తప్పిన ప్రతి బిట్ పక్కన వయసు, పిల్లాడు చేసిన పని, లోపించిన సామర్థ్యం రాసి, వారం తర్వాత ఆ మూడో గడి మూసి మళ్లీ చేయండి.