నడుము మోయాల్సిన బరువు

శివరాత్రికి శ్రీశైలం నడిచిపోయేవాళ్లు మా వాడలో అప్పుడే లెక్కలు వేసుకుంటున్నారు, ఎవరెవరు వస్తున్నారు, ఏ రోజు బయలుదేరాలి, రాత్రి ఎక్కడ పడుకోవాలి అని. బూట్లు వేసుకోవాలా చెప్పులు చాలా అని గంటసేపు వాదించుకుంటారు గానీ వీపు మీద వేసుకునే బ్యాగు గురించి ఒక్కరూ అడగరు. మొదటిసారి దానివల్లే నాకు ఏడ్చినంత పనైంది, అందుకే రాస్తున్నాను.

మాది కల్వకుర్తి. అక్కడినుంచి శ్రీశైలం సుమారు 130 కిలోమీటర్లు. డిండి, హాజీపూర్, మన్ననూర్, ఆ తర్వాత అంతా నల్లమల. ఆ ఏడాది నేను కాలేజీకి తీసుకుపోయే బ్యాగునే వేసుకున్నాను. నడుముకు బెల్టు లేదు, భుజం పట్టీలు సన్నగా తాళ్లలా ఉంటాయి. దాంట్లో దుప్పటి, రెండు జతల బట్టలు, రెండు లీటర్ల నీళ్లు, జొన్న రొట్టెలు, పల్లి కారం, ఎందుకైనా మంచిదని ఇంకా ఏవేవో. డిండి దాటేసరికి భుజాలు మండుతున్నాయి. రెండో రోజు పొద్దుగూకే వేళకు కుడిచేతి వేళ్లు తిమ్మిరెక్కి నీళ్ల సీసా మూత కూడా తిప్పలేకపోయాను. చాలా టెన్షన్ పడ్డాను. తర్వాత తెలిసింది ఏమిటంటే, మెడ నుంచి చేతికి దిగే నరాలన్నీ భుజం కిందుగా, సంక మీదుగానే పోతాయి, పట్టీ గంటల తరబడి అక్కడే నొక్కితే చెయ్యి మొద్దుబారుతుంది, అలాగే రోజుల తరబడి మోస్తే చెయ్యి బలహీనపడుతుంది కూడా.

ఆ రాత్రి మన్ననూరులో మా చిన్నమ్మ నా బ్యాగును కింది నుంచి ఎత్తి నడుము దగ్గర ఆనించి పట్టుకుంది. భుజాలకు ఒక్కసారిగా ప్రాణం లేచి వచ్చింది. "బిందె ఏడ వెడ్తం బిడ్డా? సంకల వెట్టి నడుం మీద ఆనిస్తం. భుజం మీద వెడ్తమా?" అన్నది. బోరింగు కాడినుంచి ఇంటిదాకా నీళ్ల బిందె, ఆ తర్వాత పిల్లలు, అన్నీ తుంటి బొక్క మీదనే మోసిన మనిషి ఆమె. నడకకు పనికొచ్చే బ్యాగులన్నీ ఆ లెక్క మీదనే కుడతారని అప్పుడు నాకు తెలియదు. బరువులో ఎక్కువ భాగం నడుము బెల్టు మీద పడాలి. భుజం పట్టీల పని బ్యాగు వెనక్కి వాలకుండా పట్టుకోవడం, అంతే.

కొనేటప్పుడు మనిషి ఎత్తు చూసి సైజు తీసుకోవద్దు. వీపు కొలవాలి. తల ముందుకు వంచితే మెడ వెనక కింద ఒక ఎముక బుడిపెలా తగులుతుంది, అది పై గుర్తు. రెండు చేతులూ నడుము మీద పెట్టి, తుంటి ఎముకల పైఅంచు మీద చేతులు ఆనితే బొటనవేళ్లు వెనక వీపు వైపు వస్తాయి కదా, ఆ రెండు వేళ్ల మధ్య గీత కింది గుర్తు. ఆ పైనుంచి ఈ కిందికి టేపు వీపు వంపు వెంబడే పోవాలి. నాకు 43 సెంటీమీటర్లు వచ్చింది. మా బావ నాకన్నా జానెడు పొడుగు, ఆయన కొలత 44, పొడుగంతా కాళ్లలోనే ఉంది. ఇద్దరికీ ఒకే సైజు సరిపోయింది.

ఇక పట్టీలు. ఖాళీ బ్యాగుతో సరిచేసుకుంటే ఏమీ తెలియదు, ఆరేడు కిలోల బియ్యం పోసి చూడండి. ముందు అన్ని పట్టీలూ వదులు చేసి, బ్యాగు వేసుకుని, నడుము బెల్టుతోనే మొదలుపెట్టాలి. బెల్టు మెత్త సరిగ్గా తుంటి బొక్క పైఅంచు మీద కూర్చోవాలి, పొట్ట మీద కాదు, కింద తొడల వైపు కాదు. బకిల్ పెట్టి గట్టిగా గుంజాలి. ఇంత గట్టిగానా అనిపిస్తుంది, కానీ ఊపిరి ఆడుతుంటే చాలు. ఆ తర్వాతే భుజం పట్టీలు, పట్టీకి, భుజానికి మధ్య, బ్యాగుకు, వీపుకు మధ్య సందు లేకుండా ఆనేంతవరకే. ఇక్కడే మనవాళ్లందరూ తప్పు చేస్తారు. భుజం పట్టీలను ముందే బలంగా గుంజేస్తారు, దాంతో బ్యాగు మొత్తం పైకి లేచి బెల్టు తుంటి మీది నుంచి జారి పొట్ట మీదికి వస్తుంది, బరువు మళ్లీ భుజాల మీదికే చేరుతుంది.

పెద్ద బ్యాగులకు భుజం పై నుంచి బ్యాగు పైభాగానికి పోయే రెండు చిన్న పట్టీలు ఉంటాయి. అవి దాదాపు 45 డిగ్రీల వాలులో ఉండేలా జరంత గుంజితే బ్యాగు పైభాగం వీపుకు దగ్గరవుతుంది. ఛాతీ పట్టీని మెడ కింది ఎముకకు రెండు వేళ్లు కిందుగా పెట్టి, వదులుగానే ఉంచాలి.

సర్దుకోవడం కూడా ఇందులో భాగమే. నీళ్లు లీటరుకు కిలో బరువు, అలాంటి బరువైనవి వీపుకు ఆనుకుని మధ్యలో ఉండాలి, దుప్పటి అడుగున, బట్టలు బయటి వైపు. మన ఒంటి బరువులో అయిదో వంతుకు మించి మోయవద్దని అంటారు గానీ శివరాత్రి దారిలో అంత అవసరమే రాదు, అన్నదానాలు, మజ్జిగ దొరుకుతూనే ఉంటాయి. ఇప్పుడు నా బ్యాగు ఆరు కిలోలు దాటదు. దుప్పటి మాత్రం వదలొద్దు, పగలు ఎంత ఎండ కొట్టినా వటవర్లపల్లి దగ్గర తెల్లవారుజామున చలి కొరుకుతుంది.

ఇంకొకటి, పొద్దున ఒకసారి బిగించి సాయంత్రం దాకా మర్చిపోయే పని కాదిది. నడుస్తుంటే బెల్టు వదులవుతూ బ్యాగు కిందికి జారుతుంది. కావడి మోసేవాళ్లు ఆ భుజం నుంచి ఈ భుజానికి ఆగకుండానే మార్చుకుంటారు చూడండి, అట్లా నేను గంటకోసారి భుజం పట్టీలు కొంచెం వదిలి, బెల్టు మళ్లీ గుంజి, బరువు కాసేపు పూర్తిగా నడుముకు ఇస్తాను. దోమలపెంట దాటి కృష్ణ వైపు ఘాటు దిగేటప్పుడు మాత్రం పైన ఉండే చిన్న పట్టీలు, బెల్టు రెండూ బిగిస్తాను, లేకపోతే ప్రతి మలుపులో బ్యాగు వెనక నుంచి తోస్తుంది, మోకాళ్లు దెబ్బతింటాయి. మాల వేసుకున్న బావకు తల మీద ఇరుముడి ఉంటుంది, ఒక చెయ్యి ఎప్పుడూ పైకే. చెయ్యి పైకెత్తి నడిస్తే పట్టీ సంకలో కోస్తుందని ఆయన ఆ వైపు పట్టీ వేలెడంత వదులు పెడతాడు. బ్యాగు పైభాగం ఎత్తుగా ఉంటే మెడకు తగులుతుంది కాబట్టి పై అర ఖాళీగా ఉంచుతాడు.

ఈసారి చిన్నమ్మకు కూడా నడుము బెల్టు ఉన్న బ్యాగు కొన్నాం. వేసి చూస్తే కొత్త చిక్కు వచ్చింది, లంగా బొందు ముడి సరిగ్గా బెల్టు కిందికే వస్తుంది, అరగంటలో అక్కడ ఎర్రగా కమిలిపోయింది. ముడిని పక్క నుంచి ముందుకు జరిపి, బకిల్ కిందుగా వచ్చేలా కట్టుకున్నది. చీర మడతలు బెల్టు కింద ముద్దగా పడకుండా చేత్తో సాపు చేసి బిగించాం. నిన్న సాయంత్రం వెల్దండ రోడ్డు మీద ఐదు కిలోమీటర్లు నడిచి వచ్చాం, కమలలేదు. ఆదివారం పది నడుస్తాం.