హాస్టల్ తీగల మీద సామ్రాజ్యాలు

మన బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఎవరైనా ఊరికే "14" అని కొడితే కొత్తవాళ్ళకి ఏమీ అర్థం కాదు. మనలో చాలామందికి మాత్రం చెవిలో ఒక విసుగు గొంతు వినబడుతుంది: ఇంకా ఎంతసేపు, ఆట మొదలుపెట్టండి! గెట్ టుగెదర్ తేదీ తేలకపోయినా, విశాఖ బీచ్ రోడ్డు దగ్గర కలుద్దామన్నవాడు గంటైనా రాకపోయినా ఇదే నంబరు. 11 అంటే నవ్వు. 3 అంటే తిండి పంపమని. 'ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2' అనే కంప్యూటర్ యుద్ధం ఆటలో ఒక నంబరు కొట్టి ఎంటర్ నొక్కితే ఆ అరుపు ఆడుతున్న అందరి స్పీకర్లలోనూ మోగేది. హాస్టల్ కారిడార్లో ఒకేసారి ఎనిమిది గదుల్లోంచి ఆ నవ్వు వినబడిన రాత్రులు మీకూ గుర్తుండే ఉంటాయి. మన బ్యాచ్ కలయిక సంచికకి ఏదైనా రాయమని కమిటీ వాళ్ళు అడిగినప్పుడు ఈ ఆట గురించే రాస్తానని వెంటనే చెప్పేశాను.

తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. ఈ ఆటని 1999లో డాలస్‌లో ఉన్న ఎన్‌సెంబుల్ స్టూడియోస్ తయారుచేసింది, మైక్రోసాఫ్ట్ విడుదల చేసింది. మన బ్యాచ్‌లో ఇంతమంది ఇప్పుడు ఉంటున్న డాలస్సే. ఆట మొదలయ్యేసరికి కొద్దిమంది పల్లెవాళ్ళు, ఒక టౌన్ సెంటర్, చుట్టూ చీకటి. గొర్రెల్ని వెతికి తెచ్చుకోవాలి, అడవిపందిని రెచ్చగొట్టి ఇంటిదాకా పరుగెత్తించి చంపాలి, చెట్లు కొట్టాలి, బంగారం తవ్వాలి. చీకటి యుగం నుంచి ఒక్కో యుగం దాటుకుంటూ కోటలు, గుర్రాలు, పెద్ద రాళ్ళు విసిరే ట్రెబుషేల దాకా ఎదగాలి. మొదట 13 నాగరికతలు ఉండేవి. 2000లో వచ్చిన 'ద కాంకరర్స్' అనే విస్తరణతో 18 అయ్యాయి. మనం ఆడింది ఆ 18తోనే.

అది మన హాస్టల్‌కి సరిగ్గా సరిపోయింది. పెట్టె మీద అడిగింది పెంటియం 166, 32 ఎంబీ ర్యామ్. ద్వారకానగర్‌లో భాగాలు కొని బిగించుకున్న అసెంబుల్డ్ సిస్టం ఎంత పాతదైనా లాగేది. గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు. అందువల్ల అసలు ఆటలంటే ఇష్టంలేనివాడి కంప్యూటర్ కూడా శనివారం రాత్రి యుద్ధానికి పనికొచ్చేది, వాడు సినిమాకి వెళ్తూ తాళం మనకిచ్చి వెళ్ళేవాడు.

తీగలు లాగడం పెద్ద యజ్ఞం. నలుగురం డబ్బులేసుకుని గదుల్లోని కంప్యూటర్లని కలిపే ఒక హబ్బు, ఒక కేబుల్ చుట్ట, తీగ చివర కనెక్టర్ బిగించే క్రింపింగ్ టూల్ కొన్నాం. వెంటిలేటర్లలోంచి, వరండా గ్రిల్ పక్కనుంచి, పై అంతస్తుకి కిటికీ బయటనుంచి కేబుళ్ళు వెళ్ళేవి. నారింజ తెలుపు, నారింజ, ఆకుపచ్చ తెలుపు, నీలం... ఆ రంగుల వరస ఎలక్ట్రానిక్స్ వాళ్ళకంటే ముందు సివిల్ వాళ్ళకి నోటికొచ్చింది. సముద్రం అంత దగ్గర కదా, ఆ ఉప్పుగాలికి కనెక్టర్లు తొందరగా పాడయ్యేవి. ఏ గదిలో లైను పోయినా టార్చిలైటు పట్టుకుని తీగ వెంబడి వెళ్ళేవాడు మా మెకానికల్ మిత్రుడు. శ్రీకాకుళం దగ్గర పల్లె నుంచి వచ్చాడు. కాలేజీలో చేరేదాకా కంప్యూటర్ ముట్టుకోలేదు. ఫైనలియర్‌కి వచ్చేసరికి హాస్టల్ నెట్‌వర్క్ మొత్తం వాడి చేతిలో ఉండేది. ఇప్పుడు వాడి ఉద్యోగమూ నెట్‌వర్కుల్లోనే.

ఆ ఆట నెట్‌వర్క్ మీద ఎలా నడుస్తుందో నాకు తెలిసింది చాలా ఏళ్ళ తర్వాత. పాల్ బెట్నర్, మార్క్ టెరానో అనే ఇద్దరు డెవలపర్లు 2001లో దాని గురించి ఒక వ్యాసం రాశారు. సెకనుకి 28.8 కిలోబిట్లు మాత్రమే పంపే మోడెం మీద 1500 మంది విలుకాళ్ళని ఎలా నడిపించారో అందులో వివరించారు. ఇంజనీరింగ్ చదివిన ప్రతివాడూ చదవాల్సిన వ్యాసం అది. ఒక్కో ఆటగాడికి 200 మంది దాకా ఉంటే ఎనిమిది మందికి 1600. ఎవడు ఎక్కడున్నాడు, ఎంత ప్రాణం మిగిలింది అని ప్రతి క్షణం పంపాలంటే ఆనాటి మోడెం వల్ల కాదు. అందుకని వాళ్ళు ఆజ్ఞల్ని మాత్రమే పంపారు. "ఈ పదిమంది అక్కడికి వెళ్ళండి" అన్న మాటొక్కటే తీగ మీద వెళ్తుంది. యుద్ధం మొత్తాన్ని ప్రతి కంప్యూటరూ సొంతంగా లెక్కవేసుకుంటుంది. ఎనిమిది గదుల్లో ఎనిమిది యుద్ధాలు అక్షరం పొల్లుపోకుండా ఒకేలా జరగాలి. ఎక్కడైనా చిన్న తేడా వస్తే "ఔట్ ఆఫ్ సింక్" అని ఆట ఆగిపోతుంది.

దీనివల్ల ఇంకో నియమం వస్తుంది. అందరూ ఒకే అడుగులో నడవాలి కాబట్టి, అన్నిటికంటే నెమ్మది సిస్టం ఎంత వేగంగా లెక్కవేయగలదో ఆట అందరికీ అంతే వేగంగా నడుస్తుంది. మనకి ఈ సిద్ధాంతం తెలియదు గానీ అనుభవం తెలుసు. చివరి గదిలో ఒకడి పాత కంప్యూటర్ వల్ల పెద్ద యుద్ధం మొదలవగానే అందరి గుర్రాలూ నత్తల్లా కదిలేవి. వాణ్ణి ఆటలోంచి తీసేద్దామని ఎవరూ అనలేదు. శనివారం సాయంత్రం ఎవడో ఒకడు తన ర్యామ్ స్టిక్ పీకి ఆ సిస్టంలో పెట్టేవాడు, ఆదివారం ఉదయం తిరిగి తీసుకునేవాడు. ఆ ఏర్పాటు చాలాకాలం సాగింది.

మ్యాపుల విషయంలో మన హాస్టల్‌ది ఒకటే మతం, దట్టమైన అడవుల మ్యాపు బ్లాక్ ఫారెస్ట్. బయట ప్రపంచంలో గట్టి ఆటగాళ్ళంతా బయలుగా ఉండే అరేబియా మ్యాపు ఆడతారు, నిజమైన నైపుణ్యం అక్కడే తెలుస్తుందంటారు. ఒప్పుకుంటాను. కానీ నలుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపు కూర్చుని తెల్లవారేదాకా సాగే స్నేహితుల ఆటకి అడవి మధ్య సన్నటి దారులు, వాటికి అడ్డంగా మూడు వరసల గోడలు, రాళ్ళు రువ్వే ఒనేజర్లతో చెట్లు కొట్టుకుంటూ వెనకనుంచి వచ్చే దొంగదారి, ఇవే కావాలి. ఎవరి స్వభావం ఏమిటో అక్కడ తెలిసిపోయేది. మా రూమ్మేటు ఎప్పుడూ ముందు గోడ కట్టేవాడు. ఇప్పుడు బ్యాంకులో రిస్క్ విభాగంలో ఉన్నాడు. శ్రీకాకుళం మిత్రుడు అడగకముందే "ఏట్రా, వుడ్ పంపీమంటావా?" అని కారిడార్లోకి అరిచేవాడు. మనందరికంటే బాగా ఆడింది మాత్రం ఎంవీపీ కాలనీ నుంచి రోజూ వచ్చే మన క్లాసు అమ్మాయి. ఆవిడ హాస్టల్ ఆటల్లోకి రావడానికి వీల్లేదు. కాలేజీ ఫెస్టులో ల్యాన్ గేమింగ్ పెట్టినప్పుడు కూర్చుని, మన చాంపియన్లు అనుకున్నవాళ్ళని వరసగా ఓడించింది. ఇంటిదగ్గర తమ్ముడితో ఆడి నేర్చుకున్నానని చెప్పింది. ఆ సాయంత్రం ఆర్కే బీచ్‌లో అందరికీ మురీ మిక్చర్ మనవాళ్ళే కొనిపెట్టారు.

2004లో విడిపోయాం. అక్కడితో అయిపోవాల్సిన కథ. ఆట పరిస్థితీ అంతే అయింది. ఆన్‌లైన్‌లో జనం కలిసి ఆడుకున్న మైక్రోసాఫ్ట్ గేమింగ్ జోన్‌లో ఆ సౌకర్యం 2006లో ఆగిపోయింది. 2009 జనవరిలో ఎన్‌సెంబుల్ స్టూడియోస్‌నే మూసేశారు. తయారుచేసినవాళ్ళు లేరు, బాగుచేసేవాళ్ళు లేరు. కొత్త వెడల్పు మానిటర్ల మీద ఆ ఆట సరిగ్గా కనబడేది కూడా కాదు.

దాన్ని బతికించింది అభిమానులు. ఈ వ్యాసంలో నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఇదే. వాళ్ళు వూబ్లీ అనే వేదిక మీద చేరి ఆడుకున్నారు. యూజర్‌ప్యాచ్ పేరుతో కొందరు జీతం, పేరు ఏదీ ఆశించకుండా పాత ప్రోగ్రామ్‌ని విప్పి, వెడల్పు తెరలకి సరిపడేలా మార్చి, ఏళ్ళుగా ఉన్న లోపాలు సరిచేశారు. ఇంకొందరు కలిసి 2012 చివర్లో 'ఫర్‌గాటెన్ ఎంపైర్స్' అనే మాడ్ (ఆటకి అభిమానులు సొంతంగా చేసిన చేర్పు) విడుదల చేశారు. అందులో అయిదు కొత్త నాగరికతలు, వాటిలో ఒకటి భారతీయులు. మైక్రోసాఫ్ట్ 2013లో హెచ్‌డీ ఎడిషన్ తెచ్చినప్పుడు ఆ అభిమానుల పనినే అధికారిక విస్తరణగా తీసుకుంది. 2019 నవంబరులో వచ్చిన డెఫినిటివ్ ఎడిషన్‌నీ ప్రధానంగా తయారుచేసింది వాళ్ళే. 2022లో ఈ ఆటల పాతికేళ్ళ పండగగా జర్మనీలోని హైడెల్‌బర్గ్ కోటలో పెద్ద టోర్నమెంట్ జరిగింది. నిజమైన కోటలో కూర్చుని తెరమీద కోటలు కూలుస్తున్న ఆటగాళ్ళని మేము నాలుగు దేశాల నుంచి ఒకే కాల్‌లో చూశాం. ప్రకటనల కోసం డబ్బులు పోసి ఇంతకాలం ఒక ఆటని నిలబెట్టడం ఎవరికీ సాధ్యం కాదని నా నమ్మకం.

అదే ఏడాది ఏప్రిల్‌లో 'డైనాస్టీస్ ఆఫ్ ఇండియా' అనే విస్తరణ వచ్చింది. అప్పటిదాకా ఒకటే ముద్దగా ఉన్న భారతీయుల్ని హిందుస్తానీలు, బెంగాలీలు, గుర్జరులు, ద్రావిడులుగా విడదీశారు. ద్రావిడులకి గుర్రపు నైట్లు ఉండరు, బలమంతా కాల్బలం, ఓడలు. చేపలు పట్టేవాళ్ళు మిగతావాళ్ళకంటే ఎక్కువ మోస్తారు. ఫిషింగ్ హార్బర్ చూస్తూ పెరిగినవాళ్ళకి అది చదివితే ఎంత సంతోషం! వాళ్ళ సైనికులు తమిళం మాట్లాడతారు, కథ రాజేంద్ర చోళుడిది. ఆయన కూతురు అమ్మంగదేవిని పెళ్ళాడింది మన వేంగి రాజరాజ నరేంద్రుడు, నన్నయ భారతం రాసింది ఆయన కొలువులోనే. వాళ్ళ కొడుకు కులోత్తుంగుడు. విశాఖకే ఒకప్పుడు కులోత్తుంగ చోళపట్నం అన్న పేరుండేదని శాసనాలున్నాయి. ఇంత దగ్గరి చుట్టరికం ఉంది కాబట్టి ద్రావిడులు మనవాళ్ళే అని నేను ఆడతాను. కాకతీయుల్ని విడిగా పెట్టాలని మా రూమ్మేటు పోరాటం. ఓరుగల్లు లాంటి కోట ఉన్నవాళ్ళకి చోటు ఉండాల్సిందే, ఆ విషయంలో వాడితో నాకు గొడవ లేదు.

హెచ్‌డీ వచ్చాక విడిపోయినవాళ్ళం ఒక్కొక్కరం మళ్ళీ కలిశాం. ఆదివారం రాత్రి ఇక్కడ, డాలస్‌లో పొద్దున. ఆ పిలుపుల కోసం పెట్టిన గ్రూపే 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు పనికొచ్చింది. విశాఖలో కరెంటు లేదు, ఫోన్లు లేవు. పెదవాల్తేరులో, గాజువాకలో ఎవరి అమ్మానాన్నలు ఎలా ఉన్నారో తెలియక దూరంగా ఉన్నవాళ్ళు అల్లాడిపోయారు. సిగ్నల్ దొరికిన ఒకరిద్దరు బైకు మీద ఇల్లిల్లూ తిరిగి, ఒక్కో పేరు ఎదురుగా "క్షేమం" అని గ్రూపులో పెట్టుకుంటూ పోయారు. చెట్లు పడి దారులు మూసుకుపోతే నడిచి వెళ్ళారు. 2020 లాక్‌డౌన్‌లో ఆ గ్రూపులోకి మన పిల్లలూ వచ్చారు. ఇప్పుడు నాగరికతలు నలభై దాటాయి, అన్నిటి బలాబలాలూ వాళ్ళకి కంఠతా వచ్చు. నాకు ఆ పద్దెనిమిదే బాగా వచ్చు.

చివరగా ఒక విన్నపం. ఆ ఆటలో 'రికార్డ్ గేమ్' అని టిక్ పెడితే మ్యాచ్ అంతా ఒక ఫైల్‌గా మిగిలేది. పైన చెప్పాను కదా, ఆజ్ఞలు మాత్రమే ఉంటాయి కాబట్టి గంటల తరబడి ఆడినా ఫైల్ చాలా చిన్నది. అభిమానులు రాసిన చిన్న ప్రోగ్రాములు ఈనాటికీ వాటిని చదివి మ్యాపు, ఎవరు ఏ నాగరికత, మధ్యలో కొట్టుకున్న చాటింగ్ అన్నీ చూపిస్తాయి. నా పాత సీడీలో కొన్ని దొరికాయి. "ఒరేయ్ గేటు మూయరా" అన్న మాటకి కింద మూడు పేర్లతో మూడు బూతులు ఉన్నాయి, సంచికలో వేయలేను. ఫైనలియర్ చివరి వారం ఆడిన ఆటలు మాత్రం నా దగ్గర లేవు. మీ ఇంట్లో అటక మీద పాత హార్డ్ డిస్కులు, సీడీలు ఉంటే తుక్కువాడికి వేయకండి. ఎంజీఎక్స్ అన్న ఎక్స్‌టెన్షన్‌తో ఉన్న ఫైళ్ళు వెతకండి, డిస్క్ తెరుచుకోకపోతే అలాగే కలయికకి పట్టుకురండి. పాత డిస్కుల్ని కలిపే ఐడీఈ అడాప్టర్, సీడీ డ్రైవ్ నేను తెస్తాను.