ఏడు చుక్కల ముగ్గు: పెద్దవాళ్లతో, పిల్లలతో కలిపి వేయించిన అనుభవం

ధనుర్మాసంలో మా అపార్ట్‌మెంట్‌లోని పెద్దవాళ్లను, పిల్లలను జంటలుగా కూర్చోబెట్టి మెలికల ముగ్గు (చుక్కల చుట్టూ గీత మెలికలు తిరిగే ముగ్గు) వేయించాను. ఎంచుకున్నది ఏడు చుక్కలు, సందు చుక్క (ఒక వరస చుక్కల మధ్య సందుల్లో పక్క వరస చుక్కలు వచ్చేలా), నాలుగు వచ్చేదాకా. వరసకు 4, 5, 6, 7, 6, 5, 4 చొప్పున మొత్తం 37 చుక్కలు. ఇంతకంటే పెద్దదైతే పిల్లలకు ఓపిక చాలదు.

మొదటిరోజు పలక, బలపమే. "ఏ ముగ్గులొచ్చు మామ్మా?" అనడిగితే "ఏం గుర్తున్నాయమ్మా, అన్నీ మర్చిపోయా" అంటారు. చుక్కలు పెట్టి బలపం చేతికిస్తే మాత్రం వేళ్లు వాటంతటవే మెలిక తిరుగుతాయి. అందుకే నోటితో అడగడం మానేశాను.

నేల మీద వేసేటప్పుడు పిండి టైల్స్ మీదైతే జారుతుంది, పొడి సిమెంటు మీదైతే గాలికి లేస్తుంది. నీళ్లు చల్లి, తడి ఆరీ ఆరకముందే మొదలుపెట్టాలి. చూపు తగ్గినవాళ్లకు సిమెంటు మీద తెల్లగీత ఆనదు. ముందురోజే ఎర్రమట్టితో అలికించాం. మోకాళ్ల నొప్పులున్నవారికి ఎత్తు పీట వేశాం. పిండిలో సున్నం ఉంటే పిల్లల వేళ్లు మండుతాయి, చూసి కొనాలి.

ఎక్కువ తప్పులు చుక్కల దగ్గరే. మధ్యలో ఏడు చుక్కల వరస ముందు పెట్టి, పైకీ కిందికీ ఒక్కొక్కటి తగ్గించుకుంటూ పోవాలి. చుక్కకీ చుక్కకీ మధ్య ఎడం నాలుగు వేళ్లు. మామ్మ వేళ్ల లావు వేరు, మనవరాలి వేళ్ల లావు వేరు. చెరో వరసా కొలిస్తే ముగ్గు ఒక పక్కకి ఒరుగుతుంది. కొలత ఒక్కరి చేతిదే అయ్యుండాలి.

పిల్లలు గుప్పెడు పిండి తీస్తారు. చిటికెడు చాలు. చూపుడువేలి మీద బొటనవేలు రాస్తూ, నేలకు రెండంగుళాల ఎత్తు నుంచి వదలాలి. చెయ్యి పైకి లేస్తే గీత లావవుతుంది.

అసలు చిక్కు, పిల్ల తడబడగానే పెద్దావిడ ఆగలేక పిండి తీసుకుని తనే వేసేయడం. మేం ఎంచుకున్న ముగ్గులో ఒకే మెలిక చుట్టూ ఆరుసార్లు వస్తుంది. ఒకటి మామ్మ, మిగతా ఐదూ మనవరాలు అని ముందే పంచేశాం. చివర గీత మీద వేలు ఆనించకుండా వెంబడి పోనిచ్చి చూడాలి. బయల్దేరిన చోటికి రాకపోతే ఎక్కడో చుక్క వదిలేసినట్టే.

పూర్తయ్యాక పిల్లలు గళ్ల నోట్‌బుక్‌లోకి ఎక్కించుకున్నారు. సందు చుక్క గళ్లలో కుదరాలంటే చుక్కకీ చుక్కకీ రెండు గళ్ల ఎడమిచ్చి, కింది వరసను ఒక గడి జరపాలి.