ఎందుకు డిలీట్ చేశావ్?

మా లీడ్ ఈ మాట అడిగి పది రోజులైంది. అరవలేదు, మొహం కూడా ముడుచుకోలేదు, టైమెంతైంది అని అడిగినట్టే అడిగాడు. అయినా నాకు ఇంకా దిగట్లేదు. మన భాషలో "ఎందుకు చేశావ్" అనేది ప్రశ్న కాదు కదా, తిట్టుకి ముందుమాట. జవాబు చెబితే ఎదురు చెప్పినట్టు, చెప్పకపోతే తప్పు ఒప్పుకున్నట్టు.

జరిగింది ఇదీ. ఆ వారం ఆన్‌కాల్ నాది, అంటే రాత్రిపూట మెయిల్ సర్వర్‌కి ఏమైనా అయితే లేచి చూడాల్సింది నేనే. రాత్రి రెండుంపావుకి ఫోన్ మోగింది, మెయిల్స్ రావట్లేదని. ల్యాప్‌టాప్ తెరిచి డీఎఫ్ (డిస్క్ ఎంత నిండిందో చెప్పే కమాండ్) కొడితే డిస్క్ 100 శాతం. మెయిల్స్ తీసుకుని పంపే ప్రోగ్రామ్ పోస్ట్‌ఫిక్స్, వచ్చిన ప్రతి మెయిల్‌నీ 452 4.3.1 అని, అంటే చోటు లేదు తర్వాత రమ్మని, గుమ్మంలోంచే పంపేస్తోంది. నిజానికి ఇదేం ప్రళయం కాదు. 4తో మొదలైన కోడ్ తాత్కాలికం, అవతలి సర్వర్ ఆ మెయిల్‌ని తన క్యూలో ఉంచుకుని మళ్లీ మళ్లీ వస్తుంది, పోస్ట్‌ఫిక్స్ అయితే ఎవరూ మార్చకపోతే 5 రోజుల దాకా వదలదు. పగలు ఎవరడిగినా గడగడా చెప్పేస్తాను ఇదంతా. ఆ రాత్రి ఒక్కణ్నే కూర్చుని ఉంటే ఒక్క ముక్క గుర్తు రాలేదు.

ఏది ఎంత చోటు తింటోందో చెప్పే డీయూతో వెతికితే మెయిల్ లాగ్, అంటే వచ్చిన, వెళ్లిన మెయిల్స్ సంగతులన్నీ సర్వర్ రాసుకునే ఫైల్, అదొక్కటే 22 జీబీ. ఆర్‌ఎం కొట్టాను, అంటే డిలీట్ చేశాను. మళ్లీ డీఎఫ్ చూస్తే అదే 100. అప్పుడు పట్టాయి చెమటలు. తెలిసినవాళ్లకి పాత కథే ఇది: ఫైల్ పేరు పోయింది గానీ ఆ లాగ్ రాసే ప్రోగ్రామ్ ఆర్‌సిస్‌లాగ్ దాన్ని ఇంకా తెరిచే ఉంచుకుంది, అది వదిలితే తప్ప చోటు ఖాళీ కాదు. ఏ ప్రోగ్రామ్ ఏ ఫైల్ తెరిచి ఉంచిందో చూపే ఎల్‌ఎస్‌ఓఎఫ్‌లో చూస్తే ఆ ఫైల్ పక్కనే "డిలీటెడ్" అని కనిపించింది, 22 జీబీతో సహా. ఆర్‌సిస్‌లాగ్‌ని రీస్టార్ట్ చేశాను, చోటు వచ్చింది, మెయిల్స్ కదిలాయి. మూడింటికి పడుకున్నాను, కాస్త గర్వంగానే.

పొద్దున్నే కొత్త లాగ్ తెరిస్తే నిండా డీబగ్ లైన్లు, అంటే తప్పు ఎక్కడుందో వెతకడానికి ప్రతి అడుగూ రాసే లైన్లు. ఎవరికో ఫోల్డర్లు కనిపించట్లేదంటే అంతకు ముందు డవ్‌కాట్‌లో (మెయిల్‌బాక్స్‌లు చూపించే ప్రోగ్రామ్) మెయిల్ డీబగ్ ఆన్ చేసింది నేనే, తీసేయడం మర్చిపోయిందీ నేనే. పాత లాగ్‌ని పక్కన పెట్టి కొత్తది మొదలుపెట్టే లాగ్‌రొటేట్ వారానికోసారి తిప్పేలా ఉంది, సైజు హద్దు ఎవరూ పెట్టలేదు. (పెట్టినా అది రోజుకి ఒక్కసారే నడుస్తుంటే పెద్ద లాభం లేదనుకోండి.) ఈ సంగతి కడుపులో పెట్టుకుని మీటింగ్‌కి వెళ్తే ఆ ప్రశ్న. నా చెవికి ఎలా వినపడిందంటే, నీ తప్పు బయటపడకుండా లాగ్ మాయం చేశావా అని.

ఇంకేముంది, వాదనకి దిగాను. నేను పని నేర్చుకున్నచోట అర్ధరాత్రి ఒకే ప్రశ్న ఉండేది, సర్వర్ లేచిందా లేదా అని. అవతల ఫోన్‌లో క్లయింట్ మేనేజర్ ఊపిరి వినిపిస్తుంటే లాగ్‌ని ఇంకో డిస్క్‌కి కాపీ చేసి, జిప్ చేసి, తీరిగ్గా చూసేవాళ్లెవరు? ఇక్కడివాళ్లకి ఆ నిదానం ఉందంటే, ఆ హడావుడి మేం పడ్డాం కాబట్టే అనిపిస్తుంది నాకు. ఇది పూర్తిగా న్యాయం కాదని తెలుసు, అయినా అనిపిస్తుంది.

అంతా విని అతను ఒకటే అన్నాడు. రీస్టార్ట్ చేయకముందు ఆ ఫైల్ ఇంకా బతికే ఉంది, ప్రాక్ అనే ఫోల్డర్ కింద ఆర్‌సిస్‌లాగ్ తెరిచిన ఫైళ్లలోంచి ఇంకో డిస్క్‌కి కాపీ చేసుకోవచ్చు, నన్ను లేపితే చెప్పేవాణ్ని కదా, లిస్టులో నా నంబర్ ఉన్నది లేపడానికే అని.

లేపడమా! రాత్రి రెండింటికి, లీడ్‌ని! నేను పని నేర్చుకున్నచోట నైట్ షిఫ్ట్‌లో ఆరుగురం ఒకే గదిలో ఉండేవాళ్లం. "ఒరేయ్, ఫైల్ తీసేసినా డీఎఫ్ తగ్గట్లేదేంట్రా" అని ఒక్క కేక వేస్తే, ఎవడో హెడ్‌ఫోన్ కూడా తీయకుండా "ఎవడు పట్టుకున్నాడో చూడరా" అనేవాడు. అది అడగడం కిందికే వచ్చేది కాదు. ఇక్కడ అడగాలంటే నంబర్ వెతకాలి, నిద్ర లేపాలి, సారీ చెప్పాలి, ఆ తర్వాత నాకు తెలియదు అనాలి. ఇన్ని చేసేకంటే ఆర్‌ఎం కొట్టడం తేలిక.

డీబగ్ ఆన్ చేసింది నేనేనని ఆ మీటింగ్‌లోనే చెప్పేశాను. అతను ఓకే అని రాసుకుని, డిస్క్ 80 శాతం దాటితే అలర్ట్ వచ్చేలా పెట్టే పని నాకే ఇచ్చాడు. అంతే. ఇంత టెన్షన్ పడి వెళ్తే అంతేనా అని, నిజం చెప్పొద్దూ, కొంచెం నిరాశ కూడా.

నిన్న అకౌంట్స్ ఆవిడ రాసింది, ఆ రోజు సాయంత్రం పంపిన ఇన్‌వాయిస్ అందలేదంటున్నారు, మన దగ్గర్నుంచి వెళ్లిందో లేదో చెప్పమని. మామూలుగా రెండు నిమిషాల పని. చిరునామాతో లాగ్‌లో గ్రెప్ కొడితే, అంటే వెతికితే, క్యూ ఐడీ (ఆ మెయిల్‌కి సర్వర్ ఇచ్చిన గుర్తు), దాని వెనకే అవతలి సర్వర్ తీసుకుందో లేదో చెప్పే లైన్ దొరుకుతాయి. ఆ సాయంత్రం లాగ్ లేదని జవాబిచ్చాను.

ఎందుకు లేదు, అని అడిగింది. పెద్ద పేరా ఒకటి రాసుకొచ్చి, చివరికి మొత్తం తీసేసి, నేనే డిలీట్ చేశానండీ అని పంపాను.