సౌండ్ లేని యాడ్‌కి తెలుగు రాయడం

వాయిస్ ఓవర్ స్క్రిప్ట్‌ని ముక్కలు చేసి స్క్రీన్ మీద అతికించి, టెక్స్ట్ అయిపోయింది అనుకోకండి. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ ఫీడ్‌లో వీడియో చాలాసార్లు మ్యూట్‌లోనే మొదలవుతుంది, బస్సులోనో ఆఫీసులోనో పక్కన పిల్లలు పడుకున్నప్పుడో చూసేవాళ్లు సౌండ్ పెట్టరు, వినపడనివాళ్లకైతే ఎప్పుడూ ఆ టెక్స్టే ఆధారం. అందుకే ఆ నాలుగు మాటలూ విడిగా కూర్చుని రాయాలంటాను.

తెలుగులో అసలు చిక్కు వాక్యం చివర ఉంటుంది. క్రియ అక్కడే, 'లేదు', 'అక్కర్లేదు' కూడా అక్కడే. వినేటప్పుడు ఒక్క ఊపిరిలో అయిపోతుంది కాబట్టి ఇబ్బంది ఉండదు. కానీ 'ఈ దసరాకి మా దగ్గర ఫ్రిజ్ కొన్నవాళ్లకి మొదటి మూడు నెలలు ఈఎంఐ కట్టాల్సిన పని లేదు' అన్నదాన్ని మూడు ముక్కలుగా వేస్తే, రెండోది 'మూడు నెలలు ఈఎంఐ కట్టాల్సిన' దగ్గర ఆగుతుంది, అక్కడే స్క్రోల్ చేసేసినవాళ్లకి కట్టాలనే గుర్తుంటుంది! నేనైతే ముందు 'మూడు నెలలు ఈఎంఐ లేదు' అని వేస్తాను, తర్వాత 'ఏ ఫ్రిజ్ కొన్నా', ఆ తర్వాత 'దసరా వరకే'. వ్యాకరణం పుస్తకంలో ఇలా ఉండదు, నిజమే, కానీ మనం మాట్లాడేటప్పుడు ఇలాగే అంటాం. ఏ ముక్క దగ్గర ఆపినా తప్పు అర్థం రాకూడదు, నాకు అదే ముఖ్యం.

ఇక అక్షరాల సంగతి. ఇంగ్లిష్‌కి సరిపోయే లైన్ స్పేసింగే తెలుగుకీ ఉంచేస్తే పై లైను ఒత్తులు కింది లైను గుడుల మీద పడతాయి. రెండు లైన్లు వేసేటప్పుడు ఎడం పెంచండి, కుదిరితే ఒక్క లైనుతోనే సరిపెట్టండి. వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రీమియర్‌లో ఒత్తులు విడిపోయి కనిపిస్తుంటే టెక్స్ట్ సెట్టింగ్స్‌లో సౌత్ ఏషియన్ ఆప్షన్ ఉందేమో చూడండి. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికేవాటిలో పెద్ద మాటకి రామభద్ర, చిన్న వివరాలకి మండలి నాకు బాగా నచ్చాయి. సన్నగా, వంపులతో అందంగా ఉండే ఫాంట్లు పెళ్లి కార్డుకి బాగుంటాయి గానీ ఎండలో ఫోన్ పట్టుకున్నవాళ్లకి కనిపించవు. పట్టుచీరల యాడ్ అయితే మరీ కష్టం, జరీ మీద తెల్లక్షరాలు కలిసిపోతాయి, వెనక నల్లపట్టీ వేయాల్సిందే.

ధరని అడుగున పెట్టే అలవాటు మానేయాలి. రీల్స్‌లో అక్కడ అకౌంట్ పేరు, క్యాప్షన్, బటన్లు వచ్చి కప్పేస్తాయి, అందుకే కింద 35 శాతం, పైన 14 శాతం ఖాళీగా వదలమని ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ నడిపే మెటా వాళ్లే చెబుతారు.

ఎక్స్‌పోర్ట్ అయ్యాక మ్యూట్‌లో పెట్టి, స్క్రిప్ట్ తెలియని మనిషికి ఫోన్ ఇవ్వండి, ఇంట్లో నెమ్మదిగా తెలుగు చదివేవాళ్లయితే ఇంకా మంచిది. వాళ్లు చదవడం పూర్తికాకముందే ముక్క మారిపోతే టైమ్ పెంచకండి, మాటలు తగ్గించండి. ఫోన్ నంబరు, షాపున్న వీధి పేరు మాత్రం చివర ఐదు సెకన్లయినా కదలకుండా ఉంచాలి, అవి స్క్రీన్‌షాట్ తీసుకునేవాళ్లుంటారు.